జానెడుకి ఒక వేలు తక్కువ

ఆ రోజుల్లో, అంటే చేతిలో ఫోన్లు లేకపోయినా మనుషులు ఒకరినొకరు రైల్వేస్టేషన్లో వెతికి పట్టుకోగలిగిన రోజుల్లో, నాకు ఇరవై మూడేళ్ళు. బాపట్లలో ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుగా చేరి ఎనిమిది నెలలైంది. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, కాబట్టి పిల్లల్ని పెంచడం గురించి నాకు తెలియని సంగతంటూ లేదు. జూన్ వచ్చిందంటే మా ఆఫీసులో పెద్దవాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని స్కూళ్ళవాళ్ళిచ్చిన లిస్టుల గురించి వాపోయేవారు. తెల్ల బూట్లు కూడా కొనమన్నారని ఒకాయన, నాలుగు గీతల పుస్తకాలు ఊళ్ళో ఎక్కడా దొరకడం లేదని ఇంకొకాయన. నేను టైపు మిషను వెనకనుంచి వాళ్ళని చూసి జాలిగా నవ్వేవాణ్ణి. ఒక కాగితం మీద రాసినవి కొట్టుకెళ్ళి కొనుక్కురావడానికి ఇంత గోలేమిటని నా ఉద్దేశం. గట్టున కూర్చుని కబుర్లు చెప్పేవాడికి ఏ కాలవైనా మోకాటి లోతే మరి.

మా అక్క కాపురం రేపల్లెలో. ఇద్దరు పిల్లలు. పెద్దోడు ఐదో తరగతికీ, చిట్టి రెండో తరగతికీ వచ్చారు. ఆ ఏడు బడులు సోమవారం తెరుస్తారనగా, దానికి ముందు శనివారం మాకు రెండో శనివారం సెలవైంది. శుక్రవారం సాయంత్రం నేను అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి మా బావ మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నడుం పట్టేసిందట. ఇల్లంతా మందు వాసన. (ఆ నడుంనొప్పి సరిగ్గా ఆ వారమే ఎందుకు పట్టుకుందన్న అనుమానం నాకు అప్పట్లో రాలేదు. ఇప్పుడు ఏటా అదే వారంలో నాకూ పట్టుకుంటోంది కనుక ఆయన్ని ఏమీ అనలేను.) పక్కన స్టూలు మీద, మందు సీసా కింద, రెండు జిరాక్సు కాగితాలున్నాయి.

"ఏరా బామ్మర్దీ, చదువుకున్నోడివి కదా, అందులో ఏం రాశారో పైకి చదువు," అన్నాడు బావ తల ఎత్తకుండా.

చదివాను. పెద్దోడికి లాంగ్ నోటు పుస్తకాలు పన్నెండు, అందులో ఏడు గీతలవి, మూడు గీతల్లేనివి, రెండు గళ్ళవి. చిట్టికి రెండు గీతలవి నాలుగు, నాలుగు గీతలవి నాలుగు. అట్టలు వేయడానికి బ్రౌన్ షీట్ల చుట్ట ఒకటి. లేబుళ్ళు మూడు షీట్లు, వాటి మీద బొమ్మలు ఉండరాదు. రంగు పెన్సిళ్ళు, మైనపు రంగులు, గమ్ము సీసా, పేరు కుట్టిన చేతిరుమాళ్ళు, చార్టులు ఆరు, వాటిలో రెండు లేత నీలం. టై, బెల్టు. అన్నిటికన్నా కింద, గీత గీసి మరీ, "నల్ల బూట్లు లేని విద్యార్థులు మొదటి రోజే ఇంటికి తిరిగి పంపబడుదురు."

"విన్నావా?" అన్నాడు బావ దిండులోంచి. "రెండు గీతల పుస్తకంలో ఇంకో రెండు గీతలు గీసుకుంటే నాలుగవ్వవా? లేత నీలం చార్టంట! ముదురు నీలం తెస్తే చదువు రాదా? పోయినేడు ఆ లేత నీలం కోసం తెనాలంతా తిరిగానయ్యా. తెచ్చిచ్చానా, ఏడాదంతా వాడనే లేదు. అదిగో, బీరువా వెనకాల చూడు, ఇంకా ఉంది."

"అది చుట్టచుట్టి ఉండిపోయి విప్పితే నిలబడట్లేదండి. కొత్తదే తెమ్మన్నారు," అంది అక్క వంటింట్లోంచి.

"చార్టు నిలబడదు, నేనూ నిలబడలేను," అని బావ మళ్ళీ దిండులోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే ఈ కథే లేదు. "ఇందులో కంగారు పడాల్సిందేముంది బావా? లిస్టుంది, కొట్టుంది. రేపు పొద్దున ప్యాసింజరుకెళ్ళి మధ్యాహ్నం బండికి వచ్చేస్తాను," అన్నాను. బావ వీపు కాసేపు కదిలింది. అది నొప్పో నవ్వో నాకు తెలియలేదు.

అసలు సంగతి బూట్ల దగ్గరుంది. పుట్టినప్పటినుంచి చిట్టి కాలికి వేసుకున్నవన్నీ పెద్దోడు వేసుకుని వదిలేసినవే. వాడికి గౌన్లెలాగూ ఉండవు కాబట్టి ఆ గౌన్లొక్కటే ఆ పిల్లకి కొత్తవి. వాడు ఒకటో తరగతిలో వేసుకున్న బూట్లు మొన్నటిదాకా దీని కాళ్ళకున్నాయి. వాటికి అడుగు ఊడి, నడిచినప్పుడల్లా మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంటే, పోయినేడు పరీక్షల ముందు ప్రార్థన వరసలోంచి తీసి పక్కన నిలబెట్టారట. "ఈసారి దీనికి కొత్తవే కొంటాను," అని అక్క తీర్మానించింది. ఆ మాట చెవినబడ్డప్పటినుంచి చిట్టి పాలతనికీ, పోస్టుమాన్‌కీ, చివరికి పాస్టరమ్మగారికి కూడా "నాకు బూట్లు కొంటున్నారు, నాకే" అని చెప్పుకుంటూ తిరుగుతోంది. పిల్లని కూడా తెనాలి తీసుకెళ్తే ఏ బాధా ఉండేది కాదు. కానీ దానికి జ్వరం తగ్గి రెండు రోజులే అయింది, ఎండలో తిప్పొద్దని అక్క ఒప్పుకోలేదు.

అందుకని శనివారం పొద్దున్నే అక్క కొబ్బరి చీపురులోంచి మంచి ఈనె ఒకటి లాగింది. చిట్టిని గచ్చు మీద నిలబెట్టి, మడమ దగ్గర ఈనె ఆనించి, బొటనవేలి కొసదాకా చూసి టక్కున తుంచింది. మా వైపు ఇంటి దగ్గరున్న పాదానికి ఊరవతల బూటు కొనే పద్ధతి అదే. పుల్ల పట్టుకెళ్ళి బూటులో పెట్టి చూస్తే సరి. చిట్టి ఆ పుల్లని రెండు చేతులతో తెచ్చి నా చొక్కా జేబులో పెన్ను పక్కన తనే పెట్టింది.

"పారేసేవురోయ్," అంది అక్క.

"ఆఫీసులో ఎన్ని ఫైళ్ళు చూసుకుంటున్నానక్కా, ఈ పుల్ల చూసుకోలేనా?" అన్నాను.

రైల్లో నా ఎదుట, రేపల్లె పక్కన నగరం అనే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. ఆయనా మనవడి లిస్టు పంచె మడతలో దోపుకుని తెనాలికే బయల్దేరాడు. బండి రేపల్లె దాటకముందే ఇద్దరం ఒక్కటైపోయాం. "మా రోజుల్లో పలకొకటి, బలపమొకటి. ఇప్పుడు బడికి పంపాలంటే బండి కట్టాలయ్యా," అన్నాడాయన. "లిస్టు తప్పు కాదు బాబాయ్‌గారూ, అసలు పెద్దవాళ్ళకి ఒక పద్ధతంటూ లేదు. ఏది ఎక్కడ పెట్టారో వాళ్ళకే గుర్తుండదు," అని నేను పాఠం మొదలుపెట్టాను. భట్టిప్రోలులో బుట్టతో ఒకామె రసాలు అమ్మడానికెక్కింది. మామిడిపళ్ళ చివరి రోజులు. పెద్దాయన నాలుగు కొని, వద్దంటున్నా రెండు నా చేతిలో పెట్టాడు. కిటికీలోంచి గాలి, చేతిలో రసం, ఎదుట నా మాటలు వినే మనిషి. అంతకన్నా సుఖమేముంటుంది?

రసాలు తిన్నవాళ్ళకి తరవాతేమవుతుందో చెప్పక్కర్లేదు. పళ్ళ సందుల్లో పీచు. పెద్దాయన నాలుకతో ప్రయత్నించి, వేలితో ప్రయత్నించి, "పుల్లేమైనా ఉందా బాబూ?" అన్నాడు. ఉందండీ, అన్నాను. జేబులో చెయ్యి పెట్టి పుల్ల తీశాను, మధ్యకి విరిచి సగం ఆయనకిచ్చాను, సగం నేను వాడుకున్నాను. వేమూరు దాటేదాకా ఇద్దరం పళ్ళు కుట్టుకుంటూ, నిర్లక్ష్యంగా ఉండే తల్లిదండ్రుల గురించే మాట్లాడుకున్నాం. పని అయ్యాక నా సగం కిటికీలోంచి పారేశాను. నా ఎదుగుదల గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఆ కిటికీయే గుర్తొస్తుంది.

తెనాలిలో పుస్తకాల కొట్టు ముందు జనం రెండు పొరలుగా ఉన్నారు. నా ముందు ఒకాయన నాలుగు గీతల పుస్తకాలు లేవన్నందుకు కొట్టువాడితో కాకుండా పక్కనున్న తన కొడుకుతో దెబ్బలాడుతున్నాడు. "నువ్వు ఎందుకు పాసయ్యావురా?" అని. నాకు నాలుగు గీతలవి దొరికాయి గానీ రెండు కొట్లు తిరిగాను. లేత నీలం చార్టుల కోసం మూడు. మూడో కొట్టులో ఆయన చూపించినది లేత నీలమో, ఎండకి వెలిసిన ముదురు నీలమో నేను తేల్చుకోలేకపోయాను, తీసేసుకున్నాను. లేబుళ్ళ మీద అన్నిటికీ బొమ్మలే. చివరికి బొమ్మల్లేనివి దొరికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మా ఆఫీసులో టీ గ్లాసులు పట్టుకుని వాపోయే పెద్దమనుషులందరికీ మనసులోనే ఒక నమస్కారం పెట్టుకుని, రెండు సంచులతో చెప్పుల కొట్టులోకి అడుగుపెట్టాను.

కొట్టు యజమాని ఒక భాయ్. తెల్లగడ్డం, మెడలో కొలత టేపు, ఎంత రద్దీలోనూ గొంతు పెంచని మనిషి. "ఏ తరగతి బాబూ? కొలత తెచ్చావా?" అన్నాడు. తెచ్చానండీ, అని జేబులో చెయ్యి పెట్టాను. పెన్ను తగిలింది. ఇంకో జేబు చూశాను. సంచులు చూశాను. అప్పుడు, ఏ కారణమూ లేకుండా, నాలుక వెళ్ళి పంటి సందులో ఇంకా మిగిలి ఉన్న ఒక్క పీచుని ముట్టుకుంది.

జరిగింది చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నాను. భాయ్ నవ్వలేదు. గడ్డం దువ్వుకుని, "ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నా. పుల్లలు పోగొట్టుకున్నోళ్ళని చూశా, తడిసిపోయినోళ్ళని చూశా. పళ్ళు కుట్టుకున్నోడివి నువ్వే మొదలు," అన్నాడు. వెళ్ళి ఫోను చేసి కనుక్కురమ్మన్నాడు.

అక్కావాళ్ళకి ఫోను లేదు. ఎదురింటివాళ్ళకి చేస్తే పిలిచిపెడతారు. ఎస్టీడీ బూతులో నిలబడి, అక్క వచ్చేలోగా ఏం చెప్పాలో రెండుసార్లు వల్లె వేసుకున్నాను.

"ఏంట్రా? ఏమైంది?" అంది అక్క ఆయాసపడుతూ.

"ఏం లేదక్కా. ఊరికే. చిట్టి పాదం సుమారుగా ఎంతుంటుందీ?"

"పుల్లిచ్చాగా?"

"పుల్లుందిలే. ఎందుకైనా మంచిదని..."

"నా జానెడుకి ఒక వేలు తక్కువ. పుల్ల జాగ్రత్త!" అని పెట్టేసింది.

కొట్టుకొచ్చి ఆ మాట చెప్పాను. భాయ్ టేపు తీసి, "బాగుంది. మీ అక్క జానెడు ఎంత?" అన్నాడు. అది నేను ఆలోచించలేదు. నా చెయ్యి చాపి చూపించబోతే కాదని తలూపాడు. పక్కన ఇద్దరు పిల్లలకి బూట్లు తొడుగుతూ చెమటలు కక్కుతున్న ఒకావిడ ఇదంతా వింటోంది. "మీ అక్క నా అంత ఉంటదా తమ్ముడూ?" అని బల్ల మీద తన చెయ్యి పరిచింది. వెనకనుంచి ఇంకొకావిడ, "మీది మరీ చిన్న చెయ్యండీ, రేపల్లె మనిషంటున్నాడుగా, నాలా ఉంటది," అని తన చెయ్యి పెట్టింది. చూస్తుండగానే బల్ల మీద ఐదు చేతులు చేరాయి. గాజుల చేతులు, గోరింటాకు చేతులు, సుద్ద అంటిన ఒక టీచరమ్మ చెయ్యి. పొద్దుటినుంచి లిస్టులతో విసిగిపోయి ఉన్న ఆ తల్లులందరికీ నా అవస్థ చూశాక ప్రాణం లేచొచ్చినట్టుంది. "చెప్పు తమ్ముడూ, వీటిలో ఏది మీ అక్కది?" అన్నారు.

నేను చూశాను. చిన్నప్పటినుంచీ ఆ చేతి ముద్దలు తిన్నవాణ్ణి. అమ్మ పొలం పనికెళ్తే నన్ను చంకనేసుకుని తిరిగిన చెయ్యి. అది ఎంతుంటుందో నాకు తెలియదు! కళ్ళకి గుర్తులేదు గానీ, వీపుకి బాగా గుర్తుంది. లెక్కలు తప్పు చేసినప్పుడల్లా ఆ చెయ్యి నా వీపు మీద పడితే ఈ భుజం నుంచి ఆ భుజం దాకా మండేది. అంచేత ఏమాత్రం సందేహించకుండా ఐదింటిలోకీ పెద్ద చెయ్యి చూపించాను. భాయ్ కొలిచి, ఒక వేలు తీసేసి, పెట్టె దింపాడు. "సరిపోకపోతే రేపు తెచ్చెయ్ బాబూ, మారుస్తా," అన్నాడు. ఆయనకి అప్పటికే తెలుసేమో.

ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. చిట్టి గడపలోనే కూర్చుని ఉంది. నా చేతిలోంచి పెట్టె లాక్కుని లోపలి గదిలోకి పరిగెత్తింది. నేను తేలు కుట్టిన దొంగలా అక్క ముందు పుస్తకాలన్నీ పేర్చి, అడగకపోయినా ఒక్కొక్క పుస్తకంలోనూ ఎన్ని గీతలున్నాయో వివరిస్తున్నాను. లోపలినుంచి చప్పుడు లేదు. చాలాసేపటికి చిట్టి బూట్లతో వచ్చి నిలబడింది. నాకు చూడగానే తెలిసిపోయింది. ఆ బూట్లలో అలాంటి పాదాలు ఒకటిన్నర పడతాయి.

"సరిపోయాయా?" అంది అక్క.

చిట్టి ఒకసారి నా వైపు, ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసింది. "సరిగ్గా సరిపోయాయి," అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడేళ్ళ పిల్ల! మేనమామ పరువు కాపాడ్డానికి ఎంత తడుముకోకుండా అబద్ధమాడింది! ఆ రాత్రి నా కంచంలోని గుడ్డు దాని కంచంలో వేశాను. రేపు అక్కకి నిజం చెప్పేసి, మధ్యాహ్నం బండికి తెనాలి వెళ్ళి మార్చుకొస్తానని గట్టిగా అనుకుని పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరాధనకి బయల్దేరాం. బావ నడుం అప్పటికి కొంచెం నయమైంది (సంచులు ఇంటికి చేరాయిగా). చిట్టి బూట్లేసుకునే వస్తానని పట్టుబట్టింది. దారిపొడుగునా అది కాలెత్తి కాకుండా, నేల మీద జరుపుకుంటూ నడిచింది. బురదలో నడిచినట్టుందేమిటే అని పెద్దోడు అడిగితే, కొత్త బూట్లకి అలాగే నడుస్తారంది. మా చర్చిలో చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికెళ్ళాలి. చిట్టి మెట్టు మీద కూర్చుని మెల్లగా, ఎవరూ చూడకుండా బూటు లాగబోయింది. అక్క పక్కనే ఉంది. బూటు ఊడిరావడంతోటే లోపల్నుంచి దూది ఉండ ఒకటి, దాని వెనక పెద్దోడి పాత మేజోడు ఒకటి, దాని వెనక మడతలు పెట్టి కుక్కిన కాగితమొకటి మెట్ల మీద పడ్డాయి. ఆ కాగితం బీరువా వెనకాల ఉండాల్సిన లేత నీలం చార్టు ముక్క.

అక్క నా వైపు చూసింది. నేను మొత్తం కక్కేశాను. రైలు, రసాలు, నగరం పెద్దాయన, పీచు, బల్ల మీద ఐదు చేతులు, అన్నీ. బావ మెట్లకి ఆనుకుని, నడుం పట్టుకుని మరీ నవ్వాడు. "ఈ రోజే వెళ్ళి మార్చుకొస్తానక్కా. పాపం చిట్టి నన్ను తిడతావని నీతో చెప్పలేదు," అన్నాను.

"నీ కోసం కాదు," అంది చిట్టి.

అందరం దాని వైపు తిరిగాం. బూటు గుండెలకి హత్తుకుని ఉంది. "పెద్దవైతే అన్నయ్యకిచ్చేస్తుంది అమ్మ. అన్నయ్య బూట్లు నాకిచ్చి దూది పెట్టుకోమంటుంది. ఎలాగూ దూది పెట్టుకోవాల్సిందేగా? అదేదో కొత్తవాటిలోనే పెట్టుకుంటే ఏం?"

బావ నవ్వు ఆపేశాడు. లోపల మొదటి కీర్తన అందుకున్నారు, మాకు ఆలస్యమైపోయింది. అక్క దాని పక్కన మెట్టు మీద కూర్చుంది. చిట్టి కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుని, పాత మేజోడు సాఫుగా మడిచి, దూది కొంచెం విదిలించి, బూటు మునివేళ్ళ వైపు సర్దింది. కాలు లోపలికి దూర్చి, లేసు బిగించి ముడి వేసింది. తరవాత రెండో కాలు. "ఇవి నీవే," అంది. "పెద్దవైనా నీవే. ఎవరికీ ఇవ్వను." చిన్నప్పుడు మా ఇంట్లో కొత్త బట్టలు ఎవరికి కుట్టించేవారో, ఆ ఏటికి అక్క ఏం సర్దుకునేదో నాకు అప్పుడు, ఇరవై మూడేళ్ళు వచ్చాక, ఆ మెట్ల మీద గుర్తొచ్చింది. లేసు ముడి వేస్తున్న అక్క చెయ్యి చూశాను. ఎంత చిన్న చెయ్యో! బల్ల మీద మొదటావిడ పరిచిన చేతికన్నా చిన్నది.

ఆ రోజు చిట్టి బూట్లతోనే లోపలికొచ్చింది. పాస్టరుగారు చూసి, కీర్తన కొనసాగించారు. ప్రార్థన మధ్యలో అది కాళ్ళు ఊపినప్పుడల్లా బల్లకి బూటు తగిలి టక్కుమనేది, అక్క కళ్ళు తెరవలేదు. బూట్లు మార్చడానికి నేను తెనాలి వెళ్ళనక్కర్లేకపోయింది. సోమవారం పొద్దున చిట్టి ప్రార్థన వరసలో మొదట నిలబడిందని పెద్దోడు చెప్పాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. లిస్టు నా ఫోనుకే వస్తుంది, మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేనూ కొట్ల చుట్టూ తిరుగుతూ, కనబడ్డవాళ్ళందరి దగ్గరా వాపోతాను. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు కంప్యూటరు వెనకనుంచి నన్ను చూసి నవ్వుతాడు. నేను వాణ్ణేమీ అనను. బాపట్లలో నా బల్ల దగ్గరికి ఫోనొచ్చిన ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. చిట్టి అప్పటికి నాలుగో తరగతి. ఎదురింటివాళ్ళ ఫోనులోంచి, ఏదో పెద్ద వార్త చెబుతున్నట్టు ఆయాసపడుతూ, "మామయ్యా, ఈ రోజు దూది తీసేశాం! నిజంగా సరిపోయాయి!" అంది. "సంతోషమే తల్లీ," అన్నాను. ఆ పూట టైపు చేసిన ఉత్తరాలన్నిటిలోనూ తప్పులే. మా ఆఫీసరు పిలిచి చివాట్లు పెడుతుంటే, ఆయన ఎదుటే నవ్వుతూ నిలబడ్డాను.